భుజాలు పొడవైతే కోణం పెద్దదవుతుందా?

వేసవి సెలవులకు మా మేనల్లుడు వచ్చాడు. ఆరో తరగతి అయిపోయి ఏడులోకి వెళ్తున్నాడు. మా అక్క వాడి సంచిలో బట్టల కింద లెక్కల పుస్తకం, జామెట్రీ బాక్స్ కూడా సర్ది పంపింది. "కోణాలంటేనే టెన్షన్ పడుతున్నాడురా, కాస్త చూడు" అని ఫోన్ చేసి మరీ చెప్పింది. కొన్నేళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి, తప్పించుకునే దారి లేదు.

పుస్తకం తెరవకుండా ఒక కాగితం మీద రెండు కోణాలు గీశాను. మొదటిది గోరంత గీతలతో, బాగా విప్పినట్టు. రెండోది కాగితం అంచుల దాకా సాగే పొడవాటి గీతలతో, కానీ చీలిక సన్నగా.

"ఏది పెద్ద కోణంరా?"

"ఇది మావయ్యా." పొడవాటి గీతల మీద వేలు పెట్టాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఈ జవాబు నాకు కొత్త కాదు. నేను పాఠం చెప్పిన ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు ఇదే చెప్పారు. బాగా చదివే పిల్లలు కూడా చెప్పారు. కాగితం మీద ఎక్కువ చోటు ఆక్రమించినది పెద్దదిగా అనిపించడంలో పిల్లల తప్పేమీ లేదు. ఉమ్మడిగా ఒక తొలి బిందువున్న రెండు కిరణాలతో ఏర్పడేది కోణం అని పుస్తకం చెబుతుంది. ఆ నిర్వచనం సరైనదే. కానీ అందులో కొలవాల్సింది ఏమిటో అది చెప్పదు. గీత ఇస్తే పొడవు కొలుస్తాం, పొలం ఇస్తే వైశాల్యం కొలుస్తాం. రెండు గీతలు ఒక చోట కలిస్తే అక్కడ కొలవడానికి ఏముంది?

తిరుగుడు ఉంది. ఒక గీత మీద నుంచి రెండో గీత మీదకు రావాలంటే ఎంత తిరగాలో అదే కోణం. ఈ ఒక్క మాట పట్టుకుంటే ఆరు, ఏడు తరగతుల్లో కోణాల గురించి ఉన్న పాఠమంతా దాన్నుంచే వస్తుంది. అది పట్టుకోకపోతే పేర్లు, సూత్రాలు విడివిడిగా బట్టీ పట్టాల్సిందే.

వాణ్ణి లేపి గది తలుపు దగ్గరకు తీసుకెళ్లాను. మూసి ఉన్న తలుపును సగం తెరవమన్నాను. గడియ దగ్గర పట్టుకుని తోశాడు. వాడి చెయ్యి గాలిలో రెండడుగులకు పైగా కదిలింది. అదే తలుపు మీద, బందుకు బాగా దగ్గరగా ఒక చీమ కూర్చుని ఉంటే అది అంగుళమో రెండంగుళాలో కదిలి ఉండేది. మరి ఎవరు ఎక్కువ తిరిగారు? తలుపు ఒక్కటే కదా, ఇద్దరూ ఒకేలా తిరిగారు. బందు ఉన్న చోటు కోణానికి శీర్షం. తలుపు మొదట ఉన్న స్థానం ఒక భుజం, ఇప్పుడున్న స్థానం రెండో భుజం. తలుపు వెడల్పు ఆరడుగులైనా, బొమ్మరింటి తలుపులా ఆరంగుళాలే అయినా తిరిగిన కొలత మారదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఫోన్ ఉండనే ఉంది. నేను గీసిన బొమ్మను ఫొటో తీసి, రెండు వేళ్లతో జూమ్ చేయమన్నాను. గీతలు తెర దాటి పోయాయి. చీలిక మాత్రం అలాగే ఉంది. "పొడుగవుతోంది కానీ విప్పుకోవట్లేదు" అన్నాడు వాడు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

360 ఎక్కడి నుంచి వచ్చింది

తిరుగుడే కొలత అయినప్పుడు దానికి సహజంగా దొరికే పెద్ద ప్రమాణం ఒకటే: గుండ్రంగా తిరిగి మళ్లీ మొదటి చోటికి రావడం. ఒక పూర్తి చుట్టు. దాన్ని 360 భాగాలు చేసి ఒక్కో భాగాన్ని డిగ్రీ అన్నారు. పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఇక్కడుంది. ఎందుకు 360? శుభ్రంగా 100 పెట్టుకోవచ్చు కదా?

ఇది ప్రాచీన బాబిలోనియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) ఖగోళవేత్తల నుంచి వచ్చిన ఆస్తి. వాళ్లు మనలా పదుల్లో కాకుండా అరవైల్లో లెక్కపెట్టేవారు. గంటకు 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు అన్నది కూడా ఆ అరవై లెక్కే. పైగా సూర్యుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరిగినట్టు కనిపించడానికి 365 రోజులు పడుతుంది, అంటే రోజుకు సుమారు ఒక డిగ్రీ. అన్నిటికీ మించి 360 పంపకానికి లొంగే సంఖ్య. శేషం లేకుండా దాన్ని భాగించే సంఖ్యలు 24 ఉన్నాయి. 100కు 9 మాత్రమే. చుట్టును మూడుగా, ఆరుగా, ఎనిమిదిగా, పన్నెండుగా ఎలా కోసినా 360లో పూర్ణాంకమే వస్తుంది. ఫ్రెంచి విప్లవం రోజుల్లో మీటర్లు, కిలోగ్రాములతో పాటు కోణాన్ని కూడా పదుల్లోకి మార్చాలని చుట్టుకు 400 భాగాలు పెట్టారు. మీటరు ప్రపంచమంతా నిలబడింది, ఆ 400 నిలబడలేదు. సమబాహు త్రిభుజంలో ఒక కోణం ఎంత అంటే 66.666 అని చెప్పుకోవాల్సి వస్తే ఎవరికి నచ్చుతుంది?

మన ఇంట్లో ఈ 360 రోజూ కనిపిస్తూనే ఉంటుంది, గోడకు వేలాడే క్యాలెండర్‌లో. ఆకాశంలో సూర్యుడు, చంద్రుడు కదిలే దారి ఒక పూర్తి చుట్టు. దాన్ని 12 రాశులు చేస్తే ఒక్కో రాశికి 30 డిగ్రీలు. 27 నక్షత్రాలు చేస్తే ఒక్కోదానికి 13 డిగ్రీల 20 నిమిషాలు. ఈ నిమిషాలు గడియారం నిమిషాలు కావు, డిగ్రీలో అరవయ్యో వంతులు. నక్షత్రానికి నాలుగు పాదాల చొప్పున మొత్తం 108 పాదాలు, ఒక్కో పాదం 3 డిగ్రీల 20 నిమిషాలు. రాశికి తొమ్మిది పాదాలు. అందుకే మేషరాశిలో అశ్విని నాలుగు పాదాలు, భరణి నాలుగు పాదాలు పోగా కృత్తికలో మొదటి పాదం ఒక్కటే పడుతుంది. జాతకాల మాట నేను చెప్పను, ఈ పంపకం మాత్రం అచ్చమైన భాగహారం.

తిథి ఇంకా బాగుంటుంది. సూర్యుడికి, చంద్రుడికి మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్టు. అమావాస్య ముగిసే క్షణంలో ఇద్దరూ ఒకే దిక్కున ఉంటారు, కోణం సున్నా. అక్కడి నుంచి 12 డిగ్రీల దాకా పాడ్యమి, 24 దాకా విదియ, అలా 15 తిథులు దాటేసరికి 180 డిగ్రీలు. అది పౌర్ణమి. సూర్యుడు పడమట దిగుతుంటే చంద్రుడు సరిగ్గా ఎదురుగా తూర్పున లేస్తాడు. మరి సగం చంద్రుడు ఎప్పుడు కనిపిస్తాడు? కోణం 90 అయినప్పుడు. 90ని 12తో భాగిస్తే ఏడున్నర. అంటే సప్తమి అయిపోయి అష్టమి సగం గడిచేసరికి. ఈసారి శుక్ల అష్టమి సాయంత్రం తలెత్తి చూడండి, లంబకోణం ఆకాశంలో కనిపిస్తుంది.

గడియారం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పెద్ద ముల్లు 60 నిమిషాల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి నిమిషానికి 6. చిన్న ముల్లు 12 గంటల్లో 360 కాబట్టి గంటకు 30, నిమిషానికి అర డిగ్రీ. ఇప్పుడు మూడున్నరకు రెండు ముళ్ల మధ్య కోణమెంత? మావాడు 90 అన్నాడు. మూడు మీద ఒకటి, ఆరు మీద ఒకటి అనుకుని. కానీ మూడున్నరకు చిన్న ముల్లు మూడు మీద ఆగి ఉండదు, మూడుకూ నాలుగుకూ సరిగ్గా మధ్యలో ఉంటుంది. 12 నుంచి లెక్కేస్తే 105 డిగ్రీలు. పెద్ద ముల్లు 180 మీద ఉంది. తేడా 75. పోటీ పరీక్షల్లో పెద్దవాళ్లు కూడా పడిపోయే గుంట ఇది.

పేర్లు, కోణమాని

పేర్ల దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. 90 కంటే తక్కువైతే అల్పకోణం, సరిగ్గా 90 అయితే లంబకోణం, 90 దాటి 180 లోపు అధికకోణం, 180 అయితే సరళకోణం, 180 దాటి 360 లోపు అధికతర కోణం. కొన్ని పుస్తకాల్లో అల్పకోణాన్ని లఘుకోణమనీ, అధికకోణాన్ని గురుకోణమనీ, అధికతర కోణాన్ని పరావర్తన కోణమనీ రాస్తారు. ఇంగ్లిషు మీడియం పిల్లలకు ఇవే అక్యూట్, అబ్‌ట్యూస్, రిఫ్లెక్స్. ఏ పేరుతో నేర్చుకున్నా ఫరవాలేదు. సరళకోణం మాత్రం కొంచెం వింతగా తోస్తుంది. నిటారు గీతలో కోణం ఎక్కడుంది అంటారు పిల్లలు. తిరుగుడు అనుకుంటే వింతేమీ లేదు. వెళ్తున్న దారిలో వెనక్కి తిరిగితే మీరు సరిగ్గా 180 తిరిగినట్టు.

కోణమాని, అంటే ప్రొట్రాక్టర్ దగ్గర మాత్రం ఆగాలి. తప్పులన్నీ అక్కడే జరుగుతాయి.

మావాడికి ఒక కోణం గీసి ఇచ్చాను. చూడగానే లంబకోణం కంటే సన్నగా ఉందని తెలుస్తోంది. కోణమాని పెట్టి, ఒక కన్ను మూసి, చాలా శ్రద్ధగా చూసి "130" అన్నాడు. కోణమాని మీద అంకెలు రెండు వరుసల్లో ఉంటాయి. ఒకటి ఎడమ నుంచి కుడికి, ఇంకోటి కుడి నుంచి ఎడమకు. ఒకే గీత దగ్గర 50, 130 రెండూ కనిపిస్తాయి. ఏది చదవాలి? నియమం చాలా చిన్నది: కోణం కింది భుజం ఏ వరుసలోని సున్నా మీద ఉందో ఆ వరుసే చదవాలి. తిరగడం సున్నా దగ్గర మొదలైంది కాబట్టి లెక్క కూడా అక్కడి నుంచే.

రెండో తప్పు ఇంకా గుట్టుగా జరుగుతుంది. కోణమాని అడుగున ప్లాస్టిక్ అంచు ఒకటి, దానికి కొంచెం పైన సున్నా గీత ఒకటి ఉంటాయి. పిల్లలు ప్లాస్టిక్ అంచును భుజానికి ఆనిస్తారు, అలవాటుగా, స్కేలు పెట్టినట్టు. శీర్షం మీద ఉండాల్సిన నడిమి గుర్తు దాన్ని దాటి పైకి పోతుంది. జవాబు మూడు నాలుగు డిగ్రీలు తేడా వస్తుంది, ఎందుకో వాళ్లకు అంతుపట్టదు.

మూడోది భుజాలు పొట్టిగా ఉండి అంకెల దాకా అందకపోవడం. అప్పుడు స్కేలు పెట్టి గీతను పొడిగించాలి. మావాడు జంకాడు. "పొడిగిస్తే కోణం మారిపోదా మావయ్యా?" తలుపు, ఫోన్ రెండూ అయ్యాక కూడా ఆ అనుమానం పూర్తిగా పోలేదన్నమాట. పొడిగించాడు, కొలిచాడు, మారలేదు.

కొలిచే ముందు అంచనా వేసే అలవాటు చేస్తే ఈ తప్పుల్లో సగం దొరికిపోతాయి. అంచనాకు ఒక లంబకోణం చేతిలో ఉండాలి. అంచులు ఎంత వంకర టింకరగా ఉన్నా సరే, ఒక పాత పేపరు ముక్క చింపి తీసుకోండి. ఎలాగోలా ఒక మడత పెట్టండి, నిటారు అంచు వస్తుంది. ఇప్పుడు ఆ అంచు తన మీద తనే సరిగ్గా పడేలా ఇంకో మడత పెట్టండి. మూల దగ్గర వచ్చింది కచ్చితంగా 90. నిటారు అంచు 180 కదా, దాన్ని రెండు సమభాగాలు చేశారు. ఇంకోసారి మడిస్తే 45. ఈ మూలను పుస్తకం మీద పెట్టి చూసిన పిల్లవాడు సన్నటి కోణానికి 130 అని రాయడు.

జంటలు, జెడ్ అక్షరం, ఒక బావి

50ని 130గా చదివిన తప్పులో ఒక మంచి విషయం దాగుంది. ఆ రెండూ కలిపితే 180. 70ని తప్పు చదివితే 110 వస్తుంది, అప్పుడూ 180. కోణమాని ఒక సరళకోణం కాబట్టి ఏ గీత దగ్గరైనా ఇటు నుంచి వచ్చిన తిరుగుడు, అటు నుంచి వచ్చిన తిరుగుడు కలిసి 180 కావాల్సిందే. ఇలా 180 అయ్యే జంటలు సంపూరక కోణాలు. 90 అయ్యే జంటలు పూరక కోణాలు. ఏది ఏదో తారుమారవుతుంటే సంపూరకంలో స, సరళకోణంలో స అని గుర్తుపెట్టుకోమంటాను. బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు కానీ పేర్ల విషయంలో వేరే దారి లేదు.

కత్తెర తెరవండి. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటినట్టుంటుంది, నాలుగు కోణాలు. బ్లేడుల మధ్య 50 డిగ్రీలు ఉందనుకోండి. పక్కనున్న కోణం దానితో కలిసి ఒక నిటారు గీత మీద కూర్చుంది, కాబట్టి 130. ఆ 130 పక్కన, అంటే వేళ్లు పెట్టే పిడుల వైపు, మళ్లీ 180 లోంచి 130 తీసేస్తే 50. శీర్షాభిముఖ కోణాలు సమానం అన్న వాక్యం ఇంతే. బొమ్మలో సమానంగా కనిపిస్తున్నాయి కాబట్టి సమానం అని రాస్తే మాత్రం నేను మార్కులు వేయను. రెండూ ఒకే 130కి సంపూరకాలు కాబట్టి సమానం అనాలి.

తర్వాత వచ్చేది సమాంతర రేఖలు. రైలు పట్టాల లాంటి రెండు గీతలను ఇంకో గీత అడ్డంగా కోస్తుంది. ఆ గీత తిర్యగ్రేఖ. రెండు చోట్ల కోసింది కాబట్టి ఎనిమిది కోణాలు, వాటి జంటలకు పేర్లు. పిల్లలు భయపడేది ఇక్కడే. నిజానికి రెండు పట్టాలూ ఒకే దిక్కుకు చూస్తున్నాయి కాబట్టి తిర్యగ్రేఖ మొదటి పట్టాతో ఎంత వాలుగా ఉందో రెండో పట్టాతోనూ అంతే వాలుగా ఉంటుంది. అంటే రెండు రకాల కొలతలే ఉంటాయి, ఎనిమిది చోట్లా అవే తిరగేసి మరగేసి వస్తాయి. ఇంగ్లిషు జెడ్ అక్షరం లోపలి రెండు మూలల్లో ఉన్నవి ఏకాంతర కోణాలు, అవి సమానం. ఒక హెచ్చరిక. గీతలు సమాంతరం కాకపోయినా ఆ కోణాల పేరు ఏకాంతర కోణాలే, సమానం మాత్రం కావు. ప్రశ్నలో సమాంతరం అన్న మాట ఉందో లేదో చూడకుండా సమానమని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఈ జెడ్ దేనికి పనికొస్తుంది? భూమిని కొలవడానికి పనికొచ్చింది. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఎరటోస్తనీస్ అనే పండితుడు ఉండేవాడు. దక్షిణాన సయీన్ అనే ఊళ్లో, ఇప్పటి అస్వాన్‌లో, ఏడాదిలో పగలు అతి పొడవుగా ఉండే రోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడనీ, లోతైన బావి అడుగుకు కూడా ఎండ తగులుతుందనీ ఆయనకు తెలిసింది. అదే రోజు అదే వేళకు అలెగ్జాండ్రియాలో మాత్రం నిలువు కర్రకు నీడ పడుతోంది. కర్రకూ ఎండకూ మధ్య కోణం చుట్టులో 50వ వంతు. మన డిగ్రీల్లో 7.2.

ఇప్పుడు జెడ్ గీయండి. సూర్యుడు ఎంతో దూరంలో ఉన్నాడు కాబట్టి రెండు ఊళ్లలో పడే కిరణాలు సమాంతర రేఖలు. అలెగ్జాండ్రియా కర్రను భూమిలోకి పొడిగిస్తే అది భూకేంద్రం దాకా వెళ్తుంది, అదే తిర్యగ్రేఖ. సయీన్ బావిలోకి దిగిన కిరణాన్ని పొడిగించినా భూకేంద్రానికే చేరుతుంది. కర్ర దగ్గర 7.2 ఉంటే, ఏకాంతర కోణం కాబట్టి భూకేంద్రం దగ్గర కూడా 7.2. అంటే రెండు ఊళ్ల మధ్య దూరం భూమి చుట్టుకొలతలో 50వ వంతు. ఆ దూరం 5,000 స్టేడియాలని అప్పటి లెక్క. స్టేడియా అంటే అప్పటి గ్రీకులు దూరానికి వాడిన కొలత. 50తో గుణిస్తే 2,50,000. ఊరు దాటకుండా, ఒక కర్ర, ఒక నీడతో. ఏడో తరగతి పాఠంలో ఇంత సత్తా ఉందని నాకు చదువుకునే రోజుల్లో ఎవరూ చెప్పలేదు, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

భూమి తిరుగుడే మన గడియారాల్ని కూడా నడిపిస్తోంది. 24 గంటల్లో 360 అంటే గంటకు 15 డిగ్రీలు. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. 82.5ని 15తో భాగిస్తే ఐదున్నర, గ్రీన్‌విచ్ కంటే మనం ఐదున్నర గంటలు ముందున్నది అందుకే. ఆ గీత మన కాకినాడ దగ్గర నుంచే వెళ్తుంది.

పెన్సిల్ తలకిందులైంది

త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే 180 అని అందరికీ తెలుసు. మూలలు చింపి పక్కపక్కన అతికించే ప్రయోగం బడిలో చేయిస్తారు. నాకు పెన్సిల్ ప్రయోగం ఎక్కువ ఇష్టం, తిరగడం కళ్లకు కనిపిస్తుంది కాబట్టి.

కాగితం మీద పెద్ద త్రిభుజం గీయండి. ఎలాంటిదైనా సరే. పెన్సిల్‌ను కింది భుజం మీద పడుకోబెట్టండి, మొన కుడి వైపు. ఎడమ మూల దగ్గర వేలితో నొక్కి పట్టి, పెన్సిల్‌ను ఆ మూల కోణం ఎంతుందో అంత తిప్పండి. ఇప్పుడది ఎడమ భుజం మీద, మొన పైకి చూస్తూ ఉంది. అలాగే పైకి జరిపి, పై మూల దగ్గర పట్టుకుని, మళ్లీ అదే వైపుకు తిప్పి కుడి భుజం మీదకు తీసుకురండి. కిందికి జరిపి, కుడి మూలలో మూడోసారి తిప్పండి. పెన్సిల్ మళ్లీ కింది భుజం మీదకు వచ్చింది. మొన ఎటు చూస్తోంది? ఎడమ వైపు. మూడు కోణాలూ కలిపి తిప్పితే అది సరిగ్గా వెనక్కి తిరిగింది. సగం చుట్టు, 180.

మావాడు దీన్ని ఐదారుసార్లు చేశాడు. పొడుగు త్రిభుజం, చప్పిడి త్రిభుజం, మార్చి మార్చి గీశాడు. ప్రతిసారీ మొన వెనక్కే. తర్వాత నాలుగు భుజాల బొమ్మ గీసి తిప్పాడు. ఈసారి మొన మొదట ఎటుందో అటే వచ్చింది, "ఫుల్ రౌండ్ మావయ్యా, 360" అన్నాడు. నేను చెప్పకముందే.

ఇది నిరూపణ మాత్రం కాదు, అది వేరు. పై శీర్షం గుండా కింది భుజానికి సమాంతరంగా గీత గీస్తే, కింది రెండు కోణాలూ ఏకాంతర కోణాలుగా పైకి వచ్చి, పై కోణానికి అటూ ఇటూ కూర్చుని నిటారు గీతను నింపుతాయి. మళ్లీ ఆ జెడ్డే. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ ఈ సంగతి చెప్పినప్పుడు డిగ్రీల ఊసే ఎత్తలేదు, రెండు లంబకోణాలకు సమానం అన్నాడు. ఒక చిలిపి ప్రశ్న కూడా: ఇదే పని కాగితం మీద కాకుండా బంతి మీద చేస్తే? భూమధ్యరేఖ మీద బయల్దేరి ఉత్తర ధ్రువానికి వెళ్లి, అక్కడ 90 తిరిగి, మళ్లీ భూమధ్యరేఖకు దిగి, దాని వెంట మొదటి చోటికి వస్తే ఆ త్రిభుజంలో మూడూ లంబకోణాలే. మొత్తం 270. కాబట్టి 180 అన్నది చదునైన తలానికే చెల్లుతుంది.

ముగ్గు రెండు రకాలు

మా అమ్మ ముగ్గు వేస్తుంటే కోణాలు లెక్కపెట్టడం నాకు అలవాటు. సరి చుక్కలు అంటే ఒకదాని కింద ఒకటి నిటారుగా వచ్చేవి. వాటిని కలిపితే గళ్లు వస్తాయి, 90, 45 డిగ్రీల మూలలు. అందుకే ఆ ముగ్గుల్లో నాలుగు రేకుల పువ్వులు, పలకలు ఎక్కువ. సందు చుక్కలు అంటే పై వరుసలో రెండు చుక్కల సందులోకి కింది చుక్క రావాలి. సమదూరంలో పెడితే చుక్కల మధ్య సమబాహు త్రిభుజాలు ఏర్పడతాయి, మూల మూలకు 60. మధ్యలో 7 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కోటి తగ్గిస్తూ 4 దాకా వెళ్లండి. మొత్తం 37 చుక్కలు, బయటి ఆకారం షడ్భుజం, ఆరు మూలలూ 120. నడిమి చుక్క చుట్టూ ఆరు త్రిభుజాలు: ఆరు అరవైలు 360, ఖాళీ మిగలదు. ఆరు రేకుల పువ్వు అక్కడ అంత తేలిగ్గా కుదిరేది అందుకే. ఐదు రేకుల పువ్వును ఈ చుక్కల్లో కచ్చితంగా వేయమనండి, ఎంత చెయ్యి తిరిగినవాళ్లైనా చుక్కలు వదిలేసి గీయాల్సిందే. దానికి 72 డిగ్రీలు కావాలి, ఈ చుక్కల దగ్గర అది లేదు.

ఇంకో ముగ్గు ఉంది, మేస్త్రి పోసేది. ఇంటికి పునాది తవ్వే ముందు నేల మీద గోడల గుర్తులకు ముగ్గు పోస్తారు. అప్పుడు మూలలు సరిగ్గా లంబకోణంలో ఉన్నాయో లేదో చూడాలి. అంత పెద్ద చోట కోణమాని పెట్టలేం. మూల నుంచి ఒక దారం మీద 3 అడుగులు, రెండో దారం మీద 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య ఐమూలగా టేపు పట్టి చూస్తారు. సరిగ్గా 5 అడుగులు వస్తే లంబకోణం. తక్కువ వస్తే మూల ముడుచుకుంది, ఎక్కువ వస్తే విప్పుకుంది. స్థలం పెద్దదైతే 6, 8, 10 తీసుకుంటారు. గోడ కట్టేటప్పుడు వాడే ఎల్ ఆకారపు ఇనుప పనిముట్టును మూలమట్టం అంటారు. జామెట్రీ బాక్సులో ఉండే ఆ త్రిభుజం బిళ్లలకు తెలుగు పుస్తకంలో ఉన్న పేరూ అదే, మూలమట్టాలు.

ఒక్క డిగ్రీ తేడా వస్తే ఏమవుతుంది? కాగితం మీద కనిపించను కూడా కనిపించదు. అదే 30 అడుగుల గోడ చివరికి వెళ్లేసరికి 6 అంగుళాలకు పైగా పక్కకు జరిగిపోతుంది. టైల్స్ వేసేటప్పుడు చివరి వరుస ఒక వైపు నిండుగా, ఇంకో వైపు ముక్కలుగా వచ్చిన గది మీరు చూసే ఉంటారు. మా పాత ఇంట్లో హాలు అలాంటిదే. కోణం అదే ఒక డిగ్రీ, భుజం పొడవైన కొద్దీ రెండు చివరల మధ్య ఎడం మాత్రం పెరిగింది. మావాడు మొదటి రోజు చూసింది ఆ ఎడాన్నే.

వాడు వెళ్లిపోయే ముందు రాత్రి డాబా ఎక్కాం. కరెంటు పోయింది, ఆకాశం కాస్త నల్లగా ఉంది. ఉత్తరాన సప్తర్షి మండలం పైకి లేచి ఉంది. తోకలో మధ్య నక్షత్రం వసిష్ఠుడు, దానికి అంటిపెట్టుకుని మసగ్గా అరుంధతి. పెళ్లిలో చూపించేది ఆ జంటనే. వాటి మధ్య కోణం డిగ్రీలో సుమారు ఐదో వంతు. నిండు చంద్రుడి వెడల్పు అర డిగ్రీ కాబట్టి అందులో సగం కూడా లేదు. మండలంలో ముందున్న రెండు నక్షత్రాలను కలిపే గీతను ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం. అది దిక్చక్రం నుంచి, అంటే నేలా ఆకాశం కలిసినట్టు కనిపించే గీత నుంచి, ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే మనం ఉన్న ఊరి అక్షాంశం అంత. హైదరాబాదుకు 17 డిగ్రీల పైచిలుకు.

"ఎలా కొలవాలి?"

"చెయ్యి చాపి పిడికిలి బిగించు. పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు."

వాడు తన పిడికిలి చూసుకున్నాడు, నాది చూశాడు. "నీది పెద్దది కదా మావయ్యా. నాకు పది ఎందుకవుతుంది?"

"దిక్చక్రం దగ్గర మొదలుపెట్టి, పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ నడినెత్తి దాకా లెక్కపెట్టు."

లెక్కపెట్టాడు. తొమ్మిది. నేనూ లెక్కపెట్టాను, తొమ్మిదే. వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత తన చెయ్యి నా చేతి పక్కన చాపి, రెండింటినీ భుజం దాకా చూసుకున్నాడు.

"నా పిడికిలి చిన్నది, కానీ నా చెయ్యి కూడా పొట్టిది" అన్నాడు.

మళ్లీ ధ్రువ నక్షత్రం వైపు తిరిగి, ఒక కన్ను మూసి, పిడికిలి ఎత్తాడు. ఒకటి నిండుగా పట్టింది, రెండోదానిలో మూడు వంతులు పట్టింది.

"పదిహేడు, పద్దెనిమిది ఉంటుంది మావయ్యా."